తడిగుడ్డ, జానెడు తీగ

మా బాపు థర్మోస్టాట్‌ను కామచోర్ అనేవాడు. పని ఎగ్గొట్టేవాడిని మా వైపు అలాగే పిలుస్తారు. ఆ మాట మొదటిసారి విన్నప్పుడు నేను నవ్వాను. వైర్‌మన్ లైసెన్సు చేతికొచ్చి రెండేళ్లు కూడా నిండలేదు, కరెంటులో నాకు తెలియంది ఏదీ లేదనుకునే రోజులవి. ఆ నవ్వు ఇప్పుడు గుర్తొస్తే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

మాది మానేరు ఒడ్డున సాలెల ఊరు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన అయిదారేళ్ల తర్వాతి సంగతి ఇది. కరెంటు స్తంభాలు మా వాడ దాకా వచ్చాయి గానీ ఇంకా అందరూ చేతి మగ్గాలే నేసేవారు. మేం బాపు అని పిలిచే మా నాన్న కూడా నేసేవాడే, కానీ ఆయనకు పేరు తెచ్చింది నేత కాదు, గంజి. చీర పొడుగునా ఉండే నూలును పడుగు అంటారు. మగ్గానికి ఎక్కించే ముందు దానికి గంజి పట్టించకపోతే పోగులు పుటపుటా తెగిపోతాయి. తెల్లవారగానే వీధి పొడుగునా పడుగు సాపి, కర్రల ఊతం మీద నిలబెట్టి, ఇద్దరు మనుషులు చెరోవైపు పెద్ద కుంచెలతో గంజి దువ్వుకుంటూ నడిచేవారు. పడుగు సాపి ఉన్నంతసేపు ఆ వీధిలో బండి ఆగాల్సిందే. పటేలయినా సరే, వంగి కింది నుంచి పోవాలి గానీ దాటి పోవడానికి లేదు.

పడుగు ఎండిందా లేదా అని బాపు చేత్తో పట్టి చూసేవాడు కాదు. వంగి చెంప ఆనించేవాడు. "చెయ్యి పనిజేసి పనిజేసి మొద్దువారి ఉంటది బిడ్డా. చెంప అబద్ధం ఆడదు" అనేవాడు. వాడలో ఎవరి పడుగైనా బాపు చెంప ఆనించి "ఆఁ" అంటేనే మగ్గం ఎక్కేది. ఆ ఒక్క "ఆఁ" మా ఇంటి ఆస్తి.

ఈ పనంతా ఎండ మీద ఆధారపడినదే. ముసురు పట్టిందంటే వీధిలో పడుగు సాపలేరు, గంజి పెట్టలేరు, మగ్గం ఆడదు. వారం పది రోజులు సన్నగా, ఆగకుండా, ఏడుపుగొట్టు వాన. వాడ మొత్తంలో పొయ్యిలో పిల్లి లేచేది కాదు. ఆకలికి మనుషులు అరుస్తారనుకుంటారు తెలియనివాళ్లు. అరవరు. గోడకు ఆనుకుని కూర్చుని వాన చూస్తారు.

నేత సొసైటీ పెద్దల్లో ఒకాయన బొంబాయి మిల్లుల్లో పనిచేసి వచ్చినవాడు. ఒక మిల్లులో తీసేసిన వేడిగాలి హీటర్ ఉందనీ, దాన్ని ఒక గదిలో బిగిస్తే ముసురులో కూడా పడుగు ఎండుతుందనీ ఆయనే చెప్పాడు. ఇంటింటికీ ఇంత అని వేసుకుని తెప్పించారు. రైల్లో కామారెడ్డికి వచ్చి, అక్కణ్ణుంచి ఎడ్లబండి మీద గుంతల రోడ్డున ఊగుతూ ఊరు చేరింది. మనిషెత్తు రేకు బీరువా. లోపల వేడెక్కే కడ్డీలు, వెనక పెద్ద ఫ్యాను. ఫ్యాను గాలి కడ్డీల మీదుగా వచ్చి గదంతా వేడి చేస్తుంది. దానికి వైరింగ్ చెయ్యాల్సింది నేను.

ఆ పనికి నేను పనికిరానివాణ్ణేమీ కాదు. అంతకు ముందు ఆదిలాబాద్‌లో పత్తి గింజ తీసే ఫ్యాక్టరీలో పనిచేశాను. అక్కడి ఫోర్‌మన్ మరాఠీ ఆయన. సగం తెలుగు, సగం తన భాష. నా చేతిలో టెస్టరు పెట్టిన రోజే ఒక మాట చెప్పాడు: "కాపలా ఉన్న కాడ అడ్డం తీగె కట్టెటోడు వైర్‌మన్ నాహీ బాబా, ఖూనీకోర్." ప్రమాదం రాకముందే కరెంటు ఆపే స్విచ్చిని ఆయన కాపలా అనేవాడు. నేను బుద్ధిగా తలూపాను. తల ఊపడానికి ఏం ఖర్చవుతుంది?

హీటర్‌కు వచ్చే కరెంటును కాంటాక్టర్ అనే పెద్ద స్విచ్చి కలుపుతుంది, విడగొడుతుంది. దాని లోపల ఒక చిన్న తీగచుట్ట. చుట్టకు కరెంటు అందినంతసేపే హీటర్ వేడెక్కుతుంది. ఆ చుట్టకు పోయే సన్నతీగను నేను మూడు కాపలాల గుండా తిప్పాను. మొదటిది, ఫ్యాను తిరుగుతుంటేనే హీటర్ వెయ్యనిచ్చేది. రెండోది థర్మోస్టాట్. గదిలో వేలాడే రాగి బుడ్డి, దాని నుంచి పెట్టెలోకి సన్నని రాగి గొట్టం, పెట్టె మీద ముల్లు. ముల్లు ఎక్కడ పెడితే గది అంతవరకు వేడెక్కగానే కరెంటు కట్ చేస్తుంది, చల్లబడితే మళ్లీ వదులుతుంది. మూడోది కడ్డీల పక్కనే ఉండే లిమిట్ స్విచ్. ఏ కారణం వల్లనైనా కడ్డీలు హద్దు దాటి కాలుతుంటే అది అన్నిటినీ ఆపేస్తుంది. మూడింటిలో ఏ ఒక్కటి వద్దన్నా హీటర్ ఆగిపోవాలి. తీగలన్నీ జడ అల్లినట్టు వరసగా కట్టాను. నా జన్మలో అంత అందంగా చేసిన వైరింగ్ ఇంకోటి లేదు.

గదిని బాపు చేతిలో పెట్టారు. పడుగు ఎండిందని చెప్పగల మనిషి ఇంకెవరున్నారు? ఆయన వేలాడే రాగి బుడ్డి చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

"గీ బుడ్డి ఏంది బిడ్డా?"

"గది వేడి చూస్తది బాపు. సాలు అన్నప్పుడు కరెంటు బంద్ జేస్తది."

"సాలు అని ఎవలు జెప్పాలె?"

"ముల్లు."

"ముల్లుకు చెంప ఉన్నదా?"

అప్పుడే టక్కుమని కాంటాక్టర్ విడిపోయింది. బాపు ఉలిక్కిపడ్డాడు. రెండు నిమిషాలకు మళ్లీ టక్కుమని పడింది. "గింత పనిజేసి గంత కూసుంటది. కామచోర్" అన్నాడు. అప్పుడే నేను నవ్వింది.

"గిది చెడిపోతే ఎట్ల?" అని కూడా అడిగాడు. అగ్గి అంటే ఆయనకు భయం. నూలు ఉన్న చోట చుట్ట కాల్చేవాణ్ణి కూడా నిలవనిచ్చేవాడు కాదు.

"మీద ఇంకోడు ఉన్నడు బాపు. గీ కామచోర్ నిద్రపోయినా వాడు నిద్రపోడు. వేడి హద్దు దాటితే వాడే బంద్ జేస్తడు. నువ్వు ఫికర్ జెయ్యకు."

ఆయనకు ఆ మాట నచ్చింది. లిమిట్ స్విచ్‌కు పెద్ద జవాను అని పేరు పెట్టుకున్నాడు. గదికి ఎవరొచ్చినా ముందు దాన్నే చూపించేవాడు. "మా పోరడు పెట్టిండు, గాయన ఉన్నంక అగ్గి భయం లేదు" అనేవాడు.

ఆషాఢంలో ముసురు పట్టింది. మూడో రోజున హీటర్ పడలేదు. ఫ్యాను తిరుగుతోంది, థర్మోస్టాట్ సరిగ్గానే ఉంది, కాంటాక్టర్ మాత్రం కదలదు. వెతికితే లిమిట్ స్విచ్ పోయిందని తేలింది. ఎడ్లబండి కుదుపులకు దాని సన్నగొట్టం ఎక్కడో నలిగి ఉంటుంది, అప్పటికి చిట్లింది. అలాంటిది కరీంనగర్‌లోనే కాదు, హైదరాబాదులో కూడా దొరకదు. బొంబాయికి ఉత్తరం రాయాలి, నెలో, రెండు నెలలో.

గదిలో పదకొండు ఇళ్ల పడుగులు తడి గంజితో వేలాడుతున్నాయి. ఒకటి రెండు రోజులు అలాగే ఉంటే బూజు పట్టి నూలంతా కుళ్లిపోతుంది. వాకిట్లో కొంగు కప్పుకుని ఆడవాళ్లు నిలబడ్డారు. మా చినమ్మ వరస ఒకామె లోపలికి తొంగి చూసి అంది: "నడుస్తదా కొడుకా? పొల్లగాండ్లు నిన్నటి సంది ఏం తినలే." అంతే. గట్టిగా కూడా అనలేదు.

నేను జానెడు రాగి తీగ కోసి, రెండు కొసలూ గీకి, లిమిట్ స్విచ్‌ను తప్పించి కరెంటు నేరుగా పోయేలా దాని రెండు మరల మధ్య అడ్డంగా బిగించాను. రెండు నిమిషాల పని. కాంటాక్టర్ టక్కుమంది. ఆడవాళ్ల మొహాలు విప్పారాయి. ఎవరో నా నోట్లో బెల్లం ముక్క పెట్టారు. ఆ బెల్లం రుచి నాకు ఈనాటికీ నాలుక మీద ఉంది. అందుకే బెల్లం తినను.

బాపుకు చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే, ఆకలి వల్ల కట్టానని చెప్పుకోవచ్చు, కానీ చెప్పకపోవడానికి ఆకలి కారణం కాదు. నేను గొప్పగా చూపించిన పెద్ద జవాను చచ్చిపోయాడని చెప్పడానికి నాకు మొహం చెల్లలేదు. అంతే. థర్మోస్టాట్ ఉంది కదా, నెలరోజులే కదా అనుకున్నాను.

ముసురు విడవలేదు. గోడలు చెమ్మ, గాలి చెమ్మ. ముల్లు చెప్పిన వేడికి పడుగు ఎండడం లేదు. థర్మోస్టాట్ మాత్రం తన లెక్క ప్రకారం టక్కుమని ఆగిపోయేది. బాపు చెంప ఆనించి చూస్తే తడి. బయట మనుషులు ఎదురుచూస్తున్నారు. ఒకరోజు ఆయన ముల్లు పట్టుకుని పైకి తిప్పుతుండగా నేను లోపలికి వచ్చాను. వేడిని చూసే కాపలా ఒక్కటే మిగిలిందని నాకు మాత్రమే తెలుసు. ఆ భయమే కోపమై వచ్చింది. నలుగురు మనుషుల ముందు అరిచాను.

"ముల్లు ముట్టద్దని చెప్పిన్నా లేదా? నీకు తెల్వని పనిల ఎందుకు చెయ్యి పెడ్తవ్?"

ఆయన చెయ్యి తీసేశాడు. "ముట్టనయ్యా" అన్నాడు. నన్ను ఎప్పుడూ బిడ్డా అనేవాడు, ఆ రోజు అయ్యా అన్నాడు. అప్పుడైనా చెప్పి ఉండవచ్చు, పక్కకు పిలిచి, బాపూ, సంగతి ఇది అని. చెప్పలేదు. అలిగాడులే, రేపటికి మరిచిపోతాడు అనుకున్నాను.

మా బాపు మాట తప్పే మనిషి కాదు. ఆ తర్వాత ముల్లు ముట్టలేదు.

నాలుగు రోజుల తర్వాత పక్క ఊళ్లో బియ్యం గిర్నీ మోటారు చూడటానికి వెళ్లాను. మధ్యాహ్నం భోజనాల వేళ మా వాడవాడొకడు సైకిల్ మీద తడుస్తూ వచ్చాడు. "మీ బాపు..." అని ఆగాడు. నేను ఆ సైకిల్ మీదే ఊరికి పోయాను. వాన పడుతూనే ఉంది. అంత వానలో ఒక ఇల్లు ఎలా కాలుతుందో నాకు అర్థం కాలేదు. గది పైకప్పు పెంకులు కూలి ఉన్నాయి. కాలిన నూలు కంపు. వాకిట్లో బాపు కూర్చుని ఉన్నాడు, రెండు చేతులూ ఒళ్లో వెల్లకిలా పెట్టుకుని. కాలుతున్న పడుగులను బయటికి గుంజుకొచ్చాడట. ఆ రోజు వేలాడదీసిన పదకొండింటిలో మూడు పడుగులు దక్కాయి. కుడి అరచేయి తోలు లేదు.

మా వైపు ఒక సామెత ఉంది, చేతులు కాలినంక ఆకులు పట్టుకున్నట్టు అని. మా ఇంట్లో ఎవరూ అది వాడరు.

దవాఖానలో మంచం మీద ఆయనే చెప్పాడు. నేను అడగలేదు. కట్లు కట్టిన చేతులు దిండు మీద పెట్టుకుని, నా వైపు చూడకుండా చెప్పాడు.

"నేను ముల్లు ముట్టలే బిడ్డా. గా బుడ్డికి తడిగుడ్డ సుట్టిన."

"ఎందుకు బాపు?"

"తలకాయ వేడెక్కంగనే ఆగిపోతుండె గదా. నీకు చిన్నప్పుడు జరమొస్తె నొసటి మీద గుడ్డ ఏస్తె నిమ్మళమయ్యేటోనివి. గట్లనే అనుకున్న. గుడ్డ ఆరకుండ గడియకొకసారి నీళ్లు సల్లిన. మంచిగ నడిచింది. ఒక్కసారి సుత ఆగలే."

ఆగదు. బుడ్డి చల్లగా ఉంటే గది చల్లగా ఉందనుకుంటుంది. గది ఎంత వేడెక్కినా కరెంటు కట్ చెయ్యదు. మగ్గం దగ్గర నూలు కండెలను తడిగుడ్డలో చుట్టి ఉంచడం, జ్వరానికి తడిగుడ్డ వెయ్యడం, ఈ రెండూ తెలిసిన మనిషికి తోచే పనే అది. ఏ ఇంజనీరూ ఊహించడు. నాలుగు గంటలు విడవకుండా కాలిన కడ్డీల మీద నూలు పీచు పేరుకుంది. గాలి సరిగ్గా ఆడక కడ్డీలు ఎర్రబడ్డాయి. పీచు అంటుకుంది. అంటుకున్న పీచును ఫ్యాను పడుగుల మీదికి ఊదింది. కడ్డీలు ఎర్రబడే ముందే ఆపడానికే లిమిట్ స్విచ్ ఉండేది.

"పడుగు మంచిగ ఎండుతుందని సంబరపడ్డ" అన్నాడు బాపు. "మీద పెద్ద జవాను ఉన్నడు గదా అనుకున్న. గాయన సుత నిద్రపోయిండా బిడ్డా?" అని అడిగాడు.

నీళ్లు తెస్తానని లేచి బయటికి పోయాను. వరండాలో స్తంభానికి తల ఆనించుకుని నిలబడ్డాను. నాకు ఏడుపు వచ్చింది, కానీ అందులో సగం భయం. లైసెన్సు పోతుంది, కేసు పెడతారు, ఇక నన్నెవరూ పనికి పిలవరు. తండ్రి చేతులు కాలి మంచం మీద ఉంటే కొడుకు ఆలోచించింది అది.

కరీంనగర్ నుంచి కరెంటు ఇన్‌స్పెక్టర్ వస్తాడని కబురు వచ్చింది. ఆ ముందురోజు బాపును ఇంటికి తెచ్చాం. తెచ్చాక నేను కాలిన గదికి పోయాను. కంట్రోలు పెట్టె మసిబారి ఉంది గానీ లోపల మరలు అలాగే ఉన్నాయి. జానెడు తీగ నల్లగా మాడి రెండు మరలనూ పట్టుకునే ఉంది. స్క్రూడ్రైవరుతో విప్పి జేబులో వేసుకున్నాను. తిరిగి చూస్తే వాకిట్లో బాపు. ఇంట్లో కూర్చోలేక నడిచి వచ్చాడట, కట్ల చేతులు ఛాతీకి ఆనించుకుని. ఎప్పుడు వచ్చాడో తెలియదు. "ఏమన్న మిగిలిందా అని చూడ వస్తి" అన్నాడు. నా జేబు వైపు చూడలేదు. చూడలేదనే అనుకున్నాను.

మర్నాడు ఇన్‌స్పెక్టర్ పెట్టె తెరిచి చూశాడు. ఆయన నన్ను ఏదో అడగబోయేలోపే బాపు ముందుకు వచ్చాడు.

"తప్పు నాదే సార్. బుడ్డికి తడిగుడ్డ సుట్టింది నేనే. పిలగాని పనిల ఏం లోపం లేదు."

ఇన్‌స్పెక్టర్ నా వైపు తిరిగి, "మరి ఈ లిమిట్ స్విచ్ ఎందుకు పని చెయ్యలేదు? గొట్టం పగిలి ఉందేం?" అన్నాడు.

"మంటలకు పగిలింది సార్" అన్నాను.

ఎంత సాఫీగా వచ్చిందో ఆ మాట. ఆయన కాగితం మీద రాసుకున్నాడు. బాపు నేల చూస్తూ నిలబడ్డాడు. వాడ మొత్తం చుట్టూ ఉంది.

తర్వాత బాపును ఎవరూ ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. గంజికి పిలవడం మానేశారు, అంతే. పిలిచినా ఆ చెయ్యి కుంచె పట్టేది కాదు, వేళ్లు ముడుచుకుపోయాయి. కానీ చెంప బాగానే ఉంది. ఎండాకాలం తెల్లవారుజామున వీధిలో పడుగులు సాపుతుంటే ఆయన అరుగు మీద కూర్చుని చూసేవాడు. ఒక్కరైనా వచ్చి, పెద్దయ్యా, జర చూడు, ఎండిందా, అని అడుగుతారేమోనని ఎదురుచూసేవాడు. అడగలేదు. అవ్వ, అంటే మా అమ్మ, అన్నం కలిపి నోట్లో పెట్టేది. మొదట్లో సిగ్గుపడి తల తిప్పుకునేవాడు, తర్వాత తర్వాత అలవాటైంది. పడుగులు పోయిన ఎనిమిది ఇళ్లలో రెండు ఇళ్లవాళ్లు మగ్గాలు విప్పి బొంబాయి దగ్గరి భీవండికి కూలికి పోయారు. మా చినమ్మ వరస ఆవిడ ఇల్లు వాటిలో ఒకటి.

నేను మాత్రం బాగుపడ్డాను. లైసెన్సు మచ్చ లేకుండా ఉంది కదా. ఆదిలాబాద్ వైపు మళ్లీ ఫ్యాక్టరీ పనికి పోయాను, మిస్త్రీనయ్యాను. నెలనెలా ఇంటికి డబ్బు పంపేవాణ్ణి. ఊరికి వచ్చినప్పుడు బాపు ఎదురుగా ఎక్కువసేపు కూర్చునేవాణ్ణి కాదు. ఏదో పని కల్పించుకుని లేచేవాణ్ణి. జానెడు తీగ నా పని సంచిలో టెస్టరు పక్కన ఉండేది. ఎన్నోసార్లు పెన్‌గంగలో పారేద్దామనుకున్నాను.

మూడేళ్లకు బాపు దగ్గుతో మంచం పట్టాడు. కబురు అందుకుని వచ్చాను. నా పని సంచి మంచం కింద పెట్టాను. ఒక పొద్దు అవ్వ నీళ్లకు పోయింది. ఇంట్లో మేమిద్దరమే. ఆయన కళ్లు మూసుకునే ఉన్నాడు, నిద్ర అనుకున్నాను.

"గా తీగె పారేసినవా?" అన్నాడు.

ఏ తీగె అని అడగడానికి నోరు తెరిచాను. అడగలేకపోయాను.

"లే బాపు. ఉన్నది."

"పారెయ్యకు. మళ్ల ఏడనన్న గట్ల కట్టబుద్ధయితే తీసి చూస్కో."

నేను అడిగాను. "ఎరుకుండి ఆ దినం ఎందుకు చెప్పలే బాపు? వాడంత నిన్నే అనుకునిరి గదా."

ఆయన ముడుచుకుపోయిన కుడిచేతిని దుప్పటి మీద కొంచెం జరిపాడు.

"నా చెయ్యి ఎట్లనన్న పాయె బిడ్డా. నీ చెయ్యి సుత పోవాలెనా?"

ఆ చేతిని పట్టుకుని ఏడ్చాను. వాడకు చెప్తానని అన్నాను, ఇవాళే చెప్తానన్నాను. అవ్వ బిందెతో లోపలికి వచ్చింది, నేను కళ్లు తుడుచుకుని బిందె అందుకున్నాను. ఆ రోజు చెప్పలేదు. మర్నాడూ చెప్పలేదు. వారానికి బాపు పోయాడు.

దినాల నాడు వాడ మొత్తం భోజనానికి వచ్చింది. బంతిలో సొసైటీ పెద్దాయన కూర్చున్నాడు, బొంబాయి నుంచి హీటర్ తెప్పించినాయన. నేను అన్నం వడ్డిస్తున్నాను. ఆయన నన్ను చూసి, నన్ను ఓదార్చడానికే, మనసులో ఏ కల్మషం లేకుండా అన్నాడు: "మీ బాపు అసొంటి మనిషి మళ్ల పుట్టడు కొడుకా. పాపం, గా ఒక్క తడిగుడ్డ తప్పే చేసిండు."

పక్కనున్న నలుగురూ తలలూపారు. నా చేతిలో గంటె ఉంది. నేను ఆయన విస్తట్లో ఇంకొంచెం అన్నం వేసి, పక్క విస్తరికి జరిగాను.